మాస్టారు వదిలిన తెలుపు

మా డ్రాయింగ్ మాస్టారు పోయారు. బందరు నుంచి వాళ్లావిడ ఫోన్ చేసి, "మీ మాస్టారు ఇక లేరమ్మాయ్" అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఎవరి మీదో చెబుతాను.

ఆదివారాలు ఆయన మమ్మల్ని దివిసీమకు తీసుకెళ్లి, కృష్ణ సముద్రంలో కలిసేచోట కూర్చోబెట్టి బొమ్మలు వేయించేవారు. రంగులు ఏటినీళ్లతోనే కలపాలి. రంగు ముట్టకముందే, బొమ్మలో సంగమం వచ్చేచోట ఒక కాగితం ముక్కని అన్నం మెతుకుతో అంటించాలి. బొమ్మంతా అయ్యాక దాన్ని ఊడదీస్తే అక్కడ తెల్లగా మిగిలేది. మెతుకు ఎక్కువై కాగితం చిరిగిందా, తిట్లే తిట్లు.

"ఆ తెలుపు దేనికండీ?" అని అడిగాను ఒకసారి.

"ఏరంటే మనం అమ్మాయ్. కలిసేచోట దేవుడుంటాడు. ఆయన్ని మనం గీస్తే మన పోలికలొచ్చేస్తాయి. చోటు వదిలెయ్, చాలు."

నాకు బొమ్మలు నేర్పినవాళ్లు ఇంకొందరున్నారు గానీ, వదలడం నేర్పింది ఆయనొక్కరే.

గుడివాడలో ఒక కల్యాణ మండపం గోడ నిండా ఆ సంగమాన్నే వేశారు, ఎండాకాలమంతా నిచ్చెనెక్కి. నడుమ సున్నపు తెలుపు అలాగే ఉంచారు. మండపం యజమాని అది చూసి, "మాస్టారు మధ్యలో మర్చిపోయినట్టున్నారే" అని, ఫ్లెక్సీలు చేసేవాణ్ణి పిలిచి అక్కడ తన మొహం వేయించుకున్నాడు. మీసాలతో సహా. వెనకాల కిరణాలు కూడానూ!

ఓ పెళ్లికి వెళ్లినప్పుడు మాస్టారు అది చూశారు. భోజనం చెయ్యకుండా వచ్చేశారు. "పోన్లే అమ్మాయ్" అన్నారు, అంతే. మళ్లీ ఆ సంగమాన్ని వెయ్యలేదు. ఆయన పోన్లే అన్నారు గానీ, నేననలేదు.

మాస్టారు పోయిన కొద్ది రోజులకే ఆ యజమాని ఫోన్ చేశాడు. "సంస్మరణ సభ మన మండపంలోనే పెడదామమ్మా. ఆయన వేసిన గోడే కదా! కాస్త వెలిసింది, నువ్వొచ్చి మెరుగులు దిద్దు."

"తప్పకుండానండీ" అన్నాను. అంత తియ్యగా నేనెప్పుడూ మాట్లాడి ఎరగను.

సభ రోజు పొద్దున్నే తెల్లరంగు డబ్బాతో వెళ్లాను. ముందు మీసాలు చెరిపాను. తర్వాత కిరణాలు. కళ్లు మాత్రం ఆఖరికి ఉంచాను, చూడనీ అని. ఎంత హాయిగా ఉందో, దాచడమెందుకు?

సభలో యజమాని మైకు పట్టుకుని, ఘనంగా గోడవైపు తిరిగి, ఆగిపోయాడు. "నా బొమ్మేదమ్మా?"

"మెరుగులు దిద్దానండీ."

ముందు వరసలోంచి మాస్టారి భార్య లేచి, ఆ తెలుపుకేసి చేతులు జోడించారు. ఆవిడ వెనక హాలంతా లేచింది. అందరూ తననే చూస్తుంటే, యజమాని మైకు చంకలో ఇరికించుకుని, పొద్దుటిదాకా తన మొహం ఉన్న చోటుకి తనే దణ్ణం పెట్టాడు.