తల్లి ఉన్న ఇల్లు

మూడేళ్ల తర్వాత సెలవు దొరికింది దెబోరాకు. కువైటు దవాఖానాలో నర్సు ఆమె. మొగుడు కామెర్లతో పోయాక, మూడేళ్ల కూతురు రూతును తన తల్లి సంతోషమ్మ ఒళ్లో పెట్టి ఓడెక్కిన మనిషి. ఇప్పుడు పిల్లకు ఆరు నడుస్తున్నాయి. బొంబాయిలో ఓడ దిగి, రైళ్లు మారి, బెల్లంపల్లి స్టేషన్లో కాలు పెట్టేసరికి ఒళ్లు హూనమైంది. అయినా మనసు మాత్రం ఎప్పుడో ఇంటికి పోయి కూచుంది. సెలవున్న రెండు నెలలూ పిల్లను చంక దించకూడదని ఒట్టు పెట్టుకుంది పిచ్చిది.

బొగ్గుబాయి క్వార్టర్ల సందు మొదట్లోనే పక్కింటి నాగవ్వ ఎదురైంది. మంచీ చెడ్డా అడగలేదు. "మీ ఇంట్ల తల్లొచ్చింది బిడ్డా" అంది.

"అవ్ మరి, నేనే గద వచ్చిన!" అని పకపకా నవ్వింది దెబోరా.

అన్నేళ్లు అరబ్బుల నడుమ మసిలితే మన మాట మన చెవికే తప్పుగా వినబడుతుంది. నాగవ్వ నవ్వలేదు. ఆ ముఖం చూశాక గానీ దెబోరాకు మాట తలకెక్కలేదు. చేతిలోని ట్రంకుపెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

మశూచిని మశూచి అని అక్కడ ఎవరూ అనరు. పేరు పెడితే అమ్మవారికి కోపమట. తల్లి వచ్చింది, తల్లి ఉంది, తల్లి పోయింది, అంతే. గుడికి పోయేవాళ్లదీ అదే మాట, చర్చికి పోయేవాళ్లదీ అదే మాట. సంతోషమ్మ ఆదివారం ముందు వరసలో కూచుని గొంతెత్తి పాడే మనిషి. ఆమె గుమ్మానికీ వేపమండలే వేలాడుతున్నాయి. తల్లికి పడదని పొయ్యి మీద తాలింపు కూడా లేదు.

"గడప దాటకు!" సంతోషమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "దూరంకెళ్లి వచ్చినోళ్లు తల్లున్న ఇంట్లకు రావద్దు. జర ఆగు."

"నా బిడ్డ లోపలుంటె నన్ను ఆగుమంటవా అవ్వా?" అమ్మ చేతులు తోసేసి లోపలికి పోయింది.

చాపమీద పరిచిన వేపాకుల్లో పడుకుని ఉంది రూతు. ముఖమంతా పొక్కులు. కనురెప్పలు వాచి అతుక్కుపోయాయి. ఎంత రక్తం చూసినా బెదరని దెబోరా ఇప్పుడు బెదిరింది. ఈ రోగం ప్రాణం తీయకపోతే కళ్లన్నా తీస్తుందని ఆమెకు తెలుసు. మందు లేదనీ తెలుసు. తెలియకపోతేనే నయం, కనీసం ఏడ్చుకుంటూ కూచునేది.

"టీకా ఏపియ్యలేదా?"

సంతోషమ్మ తల దించుకుంది. "టీకాలాయన వచ్చిండు. పిల్లను మంచం కింద దాసిన. పొడిస్తె జరమొస్తదన్నరు. నువ్వా ఇక్కడ లేవు. నీ బిడ్డకేమన్నయితె నీకేం జవాబు జెప్పాలె?"

తిట్టబోయి నోరు మూసుకుంది దెబోరా. లేనిది తనే కదా.

పిల్ల పక్కన కూచుంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కళ్లు తుడిచింది, ఈగలు తోలింది, గోకకుండా చేతులు పట్టుకుంది. తను ముట్టినప్పుడల్లా పిల్ల ఒళ్లు బిగుసుకుపోవడం గమనించింది గాని నొప్పి అనుకుంది.

మధ్యాహ్నం రూతు రెండు చేతులూ జోడించింది. "తల్లీ, నీకు దండం. నన్ను ఇడిసిపెట్టి పో."

దెబోరా చెయ్యి ఆగిపోయింది. నాగవ్వ నేర్పిన మొక్కు అది. తల్లి నీ కాడనే కూసున్నదని అందరూ చెప్తూ ఉంటే, కళ్లు కనబడని పిల్ల ఈ చెయ్యి ఆ దేవతదే అనుకుంది.

"నేను మీ అవ్వను బిడ్డా."

"మా అవ్వ ఓడల పోయింది. రాలే. నీకు కోడిని కోస్తరట. పో తల్లీ."

ఇక మాట్లాడలేదు దెబోరా. మాట్లాడితే పిల్ల ఇంకా జడుసుకుంటుంది. పాస్టరుగారు వింటే ఏమనేవారో గాని, ఆమె యేసయ్యనూ వేడుకుంది, పోచమ్మనూ వేడుకుంది. కళ్లు ఉంచండి, చాలు అంది.

పొక్కులు ఎండాయి. జ్వరం దిగింది. కళ్లు మాత్రం తెరుచుకోలేదు. దెబోరా తండ్రి పేతురు బొగ్గుబాయి పని నుంచి వచ్చి గుమ్మంలోంచే "సూస్తుందా?" అని అడిగేవాడు. దెబోరా తల అడ్డంగా ఊపేది.

ఒక పొద్దున రెప్ప కదిలింది. ముందు ఒకటి, తర్వాత రెండోది. కళ్ల ముందు వేలు ఆడించి చూద్దామనుకుంది దెబోరా. చెయ్యి లేవలేదు. కనబడదని తేలితే? అట్లాగే కూచుంది.

"నీ ముక్కు మీద మచ్చున్నది" అంది రూతు.

"ఉన్నది బిడ్డా, ఉన్నది!" దెబోరా భోరుమంది. గుమ్మంలో సంతోషమ్మ కూలబడి దేవునికి స్తోత్రం చెప్పింది.

"తల్లి పోయిందా?"

"పోయింది."

"నువ్వెవలు మరి?"

"మీ అవ్వను. నీ కోసమే వచ్చిన."

రూతు దగ్గరికి రాలేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"ఎప్పుడు పోతవ్?"

"పోను బిడ్డా. ఎటూ పోను."

"అప్పుడు గూడ గట్లనే అన్నవు."