నాలుగో సీటు, ఇస్పేటు ఏడు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మనుషుల మీద నమ్మకమే అంతంతమాత్రం. ఎవరేమన్నా తేదీతో సహా గుర్తుపెట్టుకుంటాను. ఇర్వింగ్‌లో మా కాలనీ అసోసియేషన్‌కి నేను రాసిన కంప్లైంట్ల కాపీలన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. ఈ సంగతికి సంబంధించిన కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మొదట 2004లో జరిగింది చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

మా గృహప్రవేశానికి అక్క శారద తనుండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి వచ్చింది. భోజనాలయ్యాక ఆడవాళ్ళం ఆరుగురం రెండు పేకలు కలిపి రమ్మీకి కూర్చున్నాం. అక్క ఇస్పేటు ఏడు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. అది రాలేదు. ఈలోగా నేను షో చెప్పాను, తనకి ఫుల్ కౌంట్ పడింది. అక్క ఊరుకోకుండా ముక్కలన్నీ లెక్కపెట్టింది. ఇస్పేటు ఏడులు రెండు ఉండాలి, ఒకటే ఉంది.

"మా వసు చీర కుచ్చిళ్ళు దులిపి చూడండే. చిన్నప్పట్నుంచీ దానికి అలవాటే!" అంది.

అందరూ నవ్వారు. నేను లేచి నిలబడి, అందరి ముందూ చీర దులిపాను. ఏమీ పడలేదు. "సరదాకన్నానే, దానికే అంత కోపమా!" అంది తప్ప, సారీ అనలేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేను అక్కతో మాట్లాడలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే వేరే టేబుల్ దగ్గర కూర్చునేదాన్ని.

2013లో బావగారి నుంచి ఈమెయిల్ వచ్చింది. అక్కకి గుండె వాల్వ్ ఆపరేషన్, గురువారం మధ్యాహ్నం. రిస్క్ ఉందని డాక్టర్లు చెప్పారట. "ఒక్కసారి మాట్లాడమ్మా. పైకి అనదు గానీ, నీ ఫోన్ కోసమే చూస్తోంది" అని రాశారు. నేను "ఆల్ ది బెస్ట్" అని రెండు ముక్కలు జవాబిచ్చాను. తప్పు చేసింది తను. ముందు తనే మాట్లాడాలి. అదీ నా లెక్క.

అదే వారం మావారి ఆఫీసువాళ్ళ కుటుంబాలతో గాల్వెస్టన్ రేవు నుంచి ఓడలో క్రూయిజ్ బుక్ అయివుంది. పోర్ట్ పార్కింగ్‌లో కారు దిగకుండా కాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చేయలేదు. ఓడ కదిలాక సిగ్నల్ పోయింది.

గురువారమంతా సముద్రంలోనే. ఒడ్డుకి దూరం వెళ్ళాకే ఓడలో కసీనో తెరుస్తారు. ఆ మధ్యాహ్నం అక్కడ పోకర్ పోటీ పెట్టారు. నేను ఊరికే చూస్తుంటే మావారి కొలీగ్ సుధీర్, "ఇది మీ రమ్మీలా కాదు ఆంటీ, చాలా కష్టం" అన్నాడు. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్ళు. అతనికి ముప్ఫై ఎనిమిది, పైగా బట్టతల. ఆంటీ అన్నందుకు కొంత, కష్టం అన్నందుకు కొంత, వెంటనే పేరు రాయించుకున్నాను. మా ఇంట్లో మావారి స్నేహితులు ఆడుతుంటే చూసి చూసి ఆట నాకు బాగానే పట్టుబడింది. ఆ సంగతి అతనికి తెలియదు.

ఆ టేబుల్ గురించి కొంచెం చెప్పాలి. దాని మీద పేక ముక్కలుండవు, పంచేవాళ్ళూ ఉండరు. అంతా ఎలక్ట్రానిక్. ఒక్కొక్కరి ముందు ఒక్కో స్క్రీన్. మన గది కార్డు అందులో పెడితేనే స్క్రీన్ వెలిగి పేరు వస్తుంది. ముక్కలు స్క్రీన్ మీదే బోర్లా పడతాయి. చేతులు అడ్డం పెట్టుకుని తాకితే మనకి మాత్రమే కనిపిస్తాయి.

నాది ఐదో సీటు. సుధీర్‌ది మూడు. మధ్యలో నాలుగో సీటు ఖాళీ, స్క్రీన్ నల్లగా ఉంది. ఆ కుర్చీలో నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకున్నాను. అక్కడ ఎవరూ కూర్చోలేదని అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

ఓడ గడియారంలో రెండూ పది. నాకు రెండు తొమ్మిదులు వచ్చాయి, బెట్ పెంచాను. అందరూ తప్పుకున్నారు. పందెం నా వైపు రావాలి. రాలేదు. ఇంకా ఎవరిదో వంతు ఉన్నట్టు టేబుల్ ఆగిపోయింది.

నాలుగో సీటు స్క్రీన్ వెలిగింది. పేరు లేదు. రెండు ముక్కలు బోర్లా ఉన్నాయి.

"ఆంటీ, మీ బ్యాగ్ ఆడుతోందేంటి!" అన్నాడు సుధీర్.

అప్పుడు చప్పుడు వినిపించింది. టేబుల్ అంచు మీద ఉంగరంతో కొట్టినట్టు రెండుసార్లు. టక్, టక్.

రమ్మీలో ముక్కలు బాగా లేకపోతే అందరూ 'డ్రాప్' అంటారు. మా అక్క ఎప్పుడూ అలా అనదు. ఉంగరంతో టేబుల్ మీద రెండుసార్లు కొడుతుంది. మా ఇంట్లో అది అందరికీ తెలుసు. ఆ ఓడలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండు ముక్కల్లో ఒకటి తిరగబడింది. ఇస్పేటు ఏడు. రెండు క్షణాలుండి, స్క్రీన్ మళ్ళీ నల్లబడింది. పందెం నా వైపు వచ్చింది.

నిజం చెప్పాలంటే మొదట నాకు భయం కాదు, కోపం వచ్చింది. ఈ ముక్క సంగతి వీళ్ళకెవరు చెప్పారని. తర్వాత గుర్తొచ్చింది, అక్క ఆపరేషన్ ఈ మధ్యాహ్నమే. కార్డు లాగేసి లేచాను. "గెలుస్తున్నారు కదా ఆంటీ, ఎక్కడికి?" అంటున్నాడు సుధీర్ వెనకనుంచి.

గదిలో ఓడ ఫోన్ ఉంది. "ఇప్పుడా? నిమిషానికి ఎంతో తెలుసా?" అన్నారు మావారు. ఆ మాటా గుర్తుంది.

బావగారు ఎత్తారు. "వసూ, నువ్వేనా?" అన్నారు. "ఇంకా లోపలే ఉందమ్మా. ఇందాక బీపీ బాగా పడిపోయిందని వచ్చి చెప్పారు. ఇప్పుడే నిలబడిందట."

"ఇందాకంటే ఎప్పుడు బావగారూ?"

"పావుగంట అయ్యుంటుంది."

నా గడియారంలో రెండూ ఇరవై ఐదు.

"అక్క ఉంగరం వేలికే ఉందా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"లేదమ్మా, లోపలికి తీసుకెళ్ళే ముందు తీసిచ్చింది. నా జేబులోనే ఉంది."

ముక్క గురించి ఆయనకి ఒక్క మాట చెప్పలేదు. ఇది ముఖ్యం. మర్నాడు ఉదయం మళ్ళీ చేశాను. అక్కకి మెలకువ వచ్చిందని చెప్పి, "మత్తులో ఏదేదో మాట్లాడుతోంది. 'దాని ముక్క దానికిచ్చేశాను' అంటోంది. ఏం ముక్కో మరి" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

ఇంటికి రాగానే ఓడ కంపెనీకి కంప్లైంట్ రాశాను, ఎవరూ లేని సీటుకి ముక్కలెలా వేశారని. మూడు వారాలకి జవాబొచ్చింది. నాలుగో సీటు స్క్రీన్ పాడైందట. ఓడ బయల్దేరకముందే వైర్ తీసేశారట. ఆ ఆట రికార్డులో మిగతా అందరూ తప్పుకోగానే పందెం ఐదో సీటుకి వెళ్ళినట్టుంది తప్ప, ఏ ముక్కా చూపినట్టు లేదు. మళ్ళీ రాశాను. అదే జవాబు. మూడోసారి సుధీర్ చేత సాక్ష్యం రాయించి పంపాను. అదే జవాబు. మూడూ ఫైల్లో ఉన్నాయి.

ఆ నెలాఖర్లో ఫార్మింగ్టన్ హిల్స్ వెళ్ళాను. అక్క చిక్కిపోయింది గానీ గొంతు మారలేదు. నన్ను చూడగానే, "వచ్చావా? చీర దులుపుకునే వచ్చావా?" అంది. ఇంకొకరైతే అక్కణ్ణుంచే తిరిగొచ్చేదాన్ని.

తర్వాత పాత కళ్ళజోడు పెట్టె తెరిచి, లోపలి గుడ్డ కిందనుంచి ఒక ముక్క తీసి నా ఒళ్ళో వేసింది. మా పేకదే, నీలం వీపు. ఇస్పేటు ఏడు. ఆ రోజు ఆటలో ఎలాగో ఆ పెట్టెలోకి జారిందట. ఇంటికెళ్ళిన వారానికే కనబడిందట. చెప్పడానికి మొహం చెల్లక తొమ్మిదేళ్ళు అలాగే ఉంచేసింది.

"మత్తు ఇచ్చేముందు దీని గురించే అనుకున్నాను, ఇవ్వకుండా పోతానేమోనని. తర్వాతేం గుర్తులేదు. ఇదిగో, ఇచ్చేశాను. సారీ మాత్రం అడక్కు" అంది.

అడగలేదు. ఓడ సంగతి చెప్పాను. అక్క అంతా వింది. చివరికి, "నీ దగ్గరున్నవి రెండు తొమ్మిదులా? దానికే అంత పెంచావా?" అంది.

ఆ ముక్కని పేకలో కలిపేశాను. ఇప్పుడు లెక్క సరిపోతుంది. అక్క ఏటా రెండు నెలలు మా ఇంట్లో ఉంటుంది, రోజూ ఆడుకుంటాం, రోజూ పోట్లాడుకుంటాం.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా బతికున్న మనిషిని దయ్యం అని ఎలా అంటాం? అది ఏమిటో, వైర్ లేని స్క్రీన్ ఎలా వెలిగిందో ఎవరైనా చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు. ముక్కలు బాగా లేనప్పుడు అక్క ఉంగరంతో టేబుల్ మీద రెండుసార్లు కొడుతుంది. నేను తలెత్తి చూస్తాను. ఎదురుగా ఉంటుంది.