సూది పడిన డ్రైసూట్

గడ్డకట్టే చలిలో జలాశయం అడుగుకు దిగి, తూము తలుపుకు అడ్డుపడిన దుంగకు తాడు కట్టి పైకి లాగించడం దర్జీగారి తమ్ముడి కూతురు సాధించిన మొదటి విజయం. అంతకుముందు రెండుసార్లు దిగి, వణుక్కుంటూ ఉత్త చేతులతో పైకొచ్చింది. మూడోసారి డ్రైసూట్ అద్దెకు తెచ్చుకుంది. ఒంటికి నీటిచుక్క తగలనివ్వని ఆ తొడుగుతో పని కానిచ్చింది. ఆ నీళ్లలో అంతవరకు ఏ ఆడపిల్లా దిగి ఎరగదు. చేతి కొలత ఇవ్వడానికి దర్జీగారి దగ్గరికి ఎవరొచ్చినా, ఈ కథంతా వినేదాకా చెయ్యి దించే వీల్లేదు.

తర్వాత సొంత సూట్ కొనుక్కుంది. దుకాణదారు ఒంటికి అతికినట్టున్నది చూపించి అదే బాగుందన్నాడట. ఈమె మందపాటి ఉన్నిబట్టలు లోపల వేసుకుని మరీ వెళ్లింది. గొంతుక్కూర్చుని, చెయ్యి వెనక్కి చాపి, వీపు మీది గాలి సిలిండరు మీట అందే వదులున్నదే తీసుకుంది. ఇంట్లో దానికి జరిగే సేవ అంతా ఇంతా కాదు. మంచినీళ్లతో కడగడం, నీడన ఆరేయడం, జిప్పుకు మైనం రాయడం, మెడ దగ్గరి రబ్బరుకు వాసన లేని పౌడరు అద్దడం. నా మోకాళ్లకు ఎన్నడైనా ఇంత శ్రద్ధగా నూనె రాశావా అని దర్జీగారి భార్య మూతి తిప్పేది.

ఈ శీతాకాలం డ్యాము గోడ పగుళ్లు చూసే బృందానికి ఆమెనే పెద్దగా ఉండమన్నారు. వెళ్లే ముందు సూట్ మోకాలి దగ్గర చిరిగింది. అది బాగుపడకపోతే ఆ అవకాశం వేరేవాళ్లకు పోతుంది. ఆమె అతుకు సామాను కోసం బజారుకు వెళ్తే, దర్జీగారు ఊరుకోలేక, తన పనితనమంతా చూపించి సన్నటి కుట్టు వేసేశారు.

"ఎక్కడ చిరిగిందో చెప్పు చూద్దాం," అన్నారు ఆమె రాగానే.

ఆమె సూట్ మెడా చేతులూ బిగించి, గాలి నింపి, మోకాలి మీద సబ్బునీళ్లు పోసింది. కుట్టు పొడవునా బుడగలు బారులు తీరాయి. సూది దిగిన ప్రతిచోటా ఓ చిల్లు. పెద్దాయన ముఖం పాలిపోయింది. ఆ చలినీళ్ల అడుగున బిడ్డ ఒళ్లు తడిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

"ఉన్నది ఒక్క చిరుగే కదమ్మా. నేనే జల్లెడ చేసిపెట్టాను."

"జల్లెడైనా వరస తప్పలేదు పెదనాన్నా. కూర్చో, దారం లాగెయ్. ఈసారి మాత్రం సూది ముట్టుకున్నావంటే చూడు."

ఆయన పోగు పోగూ లాగారు. మూలలుంటే లేచిపోతాయని ఆమె చెబితే, చిల్లులన్నిటినీ కప్పేలా అతుకును గుండ్రంగా కత్తిరించారు. స్పిరిటుతో తుడిచి, జిగురు పూసి ఇద్దరూ కలిసి అతికించారు. అది గట్టిపడ్డాక శిక్షణ కొలనులో ఆమె మునిగితే, దర్జీగారు గట్టు మీద నిలువు కాళ్ల మీదే ఉన్నారు. పైకొచ్చి సూట్ విప్పగానే మోకాలి దగ్గరి ఉన్నిని తడిమారు. పొడిగా ఉంది. చెయ్యి మీద నమ్మకం చాలక చెంపకు ఆనించి చూసుకున్నారు. అప్పుడు గానీ, వెళ్లిరా అనలేదు.

ఆ సూట్‌తోనే నిన్న బయల్దేరింది. తిరిగి వచ్చేది ఫిబ్రవరి పంతొమ్మిదిన.