పై గడి, కింది గడి, మధ్యలో నా మార్కులు

ఒక ఆడపిల్ల చదువును నేను ఒక్క పూటలో దాదాపు ముగించేశాను. అందుకు చేసిందల్లా ఒక వెబ్ పేజీ రాయడం.

రెండు వేల మొదట్లో నందిగామ బస్టాండు ఎదురుగా రంగారావుగారి ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఇంటర్లో ఫస్టు క్లాసని చెప్పి చేరాను. నేను చదివిన కాలేజీ ఇంటర్ ఫలితాలు చూపే పేజీ నాకు అప్పజెప్పారు. హాల్ టికెట్ నంబరు కొడితే పై గడిలో పేరు, కింది గడిలో మార్కులు రావాలి. పై గడి ఆ నంబరును ఒకచోట పెడుతుంది, కింది గడి అక్కణ్ణుంచి తీసుకుంటుంది. ఇంతటి ఏర్పాటు జగ్గయ్యపేట దాకా ఎవరికీ తట్టి ఉండదని మురిసిపోయాను. పాత ఏళ్ల ఫలితాలూ అందులో ఉన్నాయి కాబట్టి, నాకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు, అంటే నాదే, కొట్టి చూశాను. మొదటిసారి కింద ఏమీ రాలేదు. మళ్లీ కొడితే చక్కగా వచ్చింది. కంప్యూటర్ వేడెక్కాలి కాబోలు అనుకున్నాను.

ఫలితాల రోజు అందరికంటే ముందు కీసర నుంచి స్వాతి, వాళ్ల నాన్న వెంకటేశ్వర్లుగారు వచ్చారు. నంబరు కొట్టాను. పైన స్వాతి పేరు. కింద లెక్కల్లో ఫెయిల్.

"చదివింది చాల్లేమ్మా. ఇంక ఇంటికి పద," అన్నారాయన.

"సంస్కృతం మార్కులున్నాయి నాన్నా! నేను తీసుకుంది తెలుగు కదా?"

"ఫెయిలయ్యాక ఏదైతే ఏముందే?"

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. నాకు జాలేసింది. తప్పు నాదని ఇంకా తెలియదు కాబట్టి హాయిగానే వేసింది.

తర్వాత రంగారావుగారబ్బాయి నంబరు కొట్టాను. మార్కులు ధగధగలాడాయి. ఆయన వెంటనే లడ్డూలు తెప్పించారు. అబ్బాయి మాత్రం నా చెవి దగ్గరికొచ్చాడు.

"అన్నా, నాది సంస్కృతం. ఇక్కడ తెలుగుందేంటి?"

అదే నంబరు మళ్లీ కొట్టాను, ఈసారి వేరే మార్కులొచ్చాయి. పై గడి కొత్త నంబరు పెట్టేలోపే కింది గడి అక్కడున్న పాత నంబరు పట్టుకుపోతోంది. ప్రతివాళ్లకీ ముందువాళ్ల మార్కులే వస్తున్నాయి. మరి స్వాతికి ముందు కొట్టిన నంబరు ఎవరిదో మీకు తెలుసు, నాకూ తెలుసు.

ఎదురుగా కీసర బస్సు కదలబోతోంది. నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. పరుగెత్తాను.

"బాబాయ్, ఆగండి! ఆ మార్కులు అమ్మాయివి కావండి!"

"మరెవరివయ్యా?"

బస్సంతా నా వైపే చూస్తోంది.

"నావండి."

నా వెనకే వచ్చిన రంగారావుగారి నోట్లో లడ్డూ ఆగిపోయింది. "ఫస్టు క్లాసన్నావు కదరా?"

అందర్నీ లోపలికి తీసుకెళ్లి, ఒక్కో నంబరూ రెండేసిసార్లు కొట్టి చూపించాను. ధగధగలన్నీ స్వాతివి. రంగారావుగారబ్బాయి లెక్కల్లో నాకు తోడయ్యాడు. ఆ పిల్ల నవ్వడం చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. వెంకటేశ్వర్లుగారు లడ్డూల పెట్టె అందుకుని, "అయితే ఇవి మా అమ్మాయివేనండీ," అంటూ మొదటిది రంగారావుగారికే పెట్టారు.

ఆ రోజు కీబోర్డు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఏ రెండు గడుల మధ్య ఏ వివరం పంచినా, ఇద్దరు వేర్వేరు మనుషుల నంబర్లతో పరీక్షించకుండా జనం ముందు పెట్టను. ఆ ఇద్దరిలో నేను మాత్రం ఉండను.