మా తాత కొంటానన్న బాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు ట్యూబాలుండేవి. పెళ్లి ఊరేగింపుల్లో పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదివి పట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి బాకాలవి. పటాన్‌చెరు పక్కన మా ఊళ్లో మా తాత బ్యాండు మేళం నడిపేవాడు. ఆ మేళంలో ఒక బాకా మా నాన్నది, రెండోది మా చిన్నాయనది.

నాన్న బాకాకు పిస్టన్లుండేవి. వేలితో నొక్కితే అవి నిలువునా కిందికి దిగి మళ్లీ పైకి లేచేవి. చిన్నాయనది ఎప్పుడో మూతబడిన మిలిటరీ బ్యాండు నుంచి వచ్చిన పాత బాకా. దాని మీట నొక్కితే లోపలి వాల్వు దిగదు, గుండ్రంగా పక్కకు తిరుగుతుంది. మీటకూ వాల్వుకూ మధ్య సన్నటి దారం కట్టి ఉండేది. దిగే వాల్వు మేలా, తిరిగే వాల్వు మేలా అని అన్నదమ్ములిద్దరూ కంచాల ముందు కూడా వాదించుకునేవారు. చేతులు ఎండిపోయేవి గాని ఆ వాదన తెగేది కాదు.

అలాంటి వాదన ఒక సంవత్సరం ఉన్నట్టుండి ఆగిపోయింది. చిన్నాయన ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. షిఫ్టు వదలలేక ఒక పెళ్లికి రాలేకపోయాడు. ఆ సాయంత్రం మా నాన్న మేళం వాళ్లందరి ముందూ, "నీకు బాకా ఎందుకు, పోయి మిషన్ తిప్పుకో" అన్నాడు. చిన్నాయన తన బాకాను గోనెసంచిలో చుట్టి అటకెక్కించాడు.

ఆ రోజు నుంచి ఒకే వాకిట్లో తిరుగుతూ ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పాలన్నా నాతోనే. "మీ చిన్నాయనకు చెప్పు, మోటరు బంద్ చెయ్యమని." "మీ నాయినకు చెప్పు, చేసిన అని." మొదట్లో నాకది ఆటలాగే ఉండేది. వానాకాలం గడిచేసరికి ఎవరు పిలిచినా వినబడనట్టు పెరట్లోకి పారిపోయేదాన్ని. చివరికి చిట్కుల్‌లో కిరాయికి గది చూసుకున్నామని చిన్నమ్మ మా అమ్మను పట్టుకుని ఏడ్చింది. చిన్నమ్మ పక్కన తప్ప ఇంకెక్కడా నిద్రపట్టని పిల్లను నేను. సామాను మూటలు కడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను.

మా తాత మాత్రం ఆ తగవు గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. వాళ్లు ఇల్లు ఖాళీ చేయాల్సిన ఆదివారం పొద్దున సదాశివపేట మేళంలో ట్యూబా ఊదే ఒకాయనను వెంటబెట్టుకొచ్చి వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాడు. ఇల్లంతా వినబడేలా అడిగాడు: "మన బ్యాండుకు ఒక కొత్త బాకా కొందామనుకుంటున్న. ఏ వాల్వుది తీసుకోవాలె? జెర చెప్పు."

"దాంట్ల అడిగేదేముంది? పిస్టనే. తిరిగే వాల్వు ఉత్త పరేషాన్," అన్నాడాయన. నాన్న గర్వంగా తన బాకా తెచ్చి మంచం మీద పెట్టాడు. పిస్టను ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూపించాడు. తాత తలూపుతూ, "అయితే పిస్టన్‌దే ఖాయం చేద్దాం" అన్నాడు.

లోపల అటక మీది నుంచి గోనెసంచి కిందికి జారిన చప్పుడైంది. చిన్నాయన బాకాతో బయటికొచ్చాడు. నాన్న వైపు చూడకుండా ఆ వచ్చినాయనతో, "బరాత్ దుమ్ముల పిస్టన్ ఇరుక్కుంటే ఏం చేస్తరు? ఇది సూడు, ఏలు ఇట్ల ఆనిస్తే సాలు, మెత్తగ తిరుగుతది" అన్నాడు.

"బిడ్డా, మీ చిన్నాయనకు చెప్పు, దారం తెగితే రోడ్డు మీద కూసోని ముడేసుకుంటడా అని," అన్నాడు నాన్న. చిన్నాయన చేతికందేంత దూరంలోనే ఉన్నాడు. అయినా నేను వెళ్లి చెప్పాను. జవాబు తెచ్చాను. మళ్లీ వెళ్లాను.

చివరికి చిన్నాయన ఊది చూపిస్తానని బాకా ఎత్తాడు. మీట కదలలేదు. నెలల తరబడి సంచిలో పడి ఉండి లోపల వాల్వు బిగుసుకుపోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. బలమంతా పెట్టి నొక్కబోయాడు.

"అరేయ్, ఆగు! గట్ల నొక్కకు, ఇరుగుతది," అంటూ నాన్న ఒక్క ఉదుటున లేచి బాకా పట్టుకున్నాడు. "ఇన్ని దినాలు నూనె ఎయ్యలేదారా?"

నేను చిన్నాయన ముఖంలోకి చూశాను.

"సంచి ఇప్పబుద్ధి కాలేదన్నా," అన్నాడాయన నెమ్మదిగా.

నాన్న కింద కూర్చున్నాడు. అమ్మను పిలిచి కుట్టుమిషన్ నూనె తెమ్మన్నాడు. ఇద్దరూ తలలు ఆనించుకుని గొట్టం ఊడదీశారు, చుక్క చుక్కగా నూనె వేశారు, అటూ ఇటూ మెల్లగా కదిలించారు. వాల్వు తిరిగాక చిన్నాయన ఊదాడు. ఆ లావుపాటి స్వరం నా పొట్టలో గుమ్మని మోగింది. "ఇటియ్యి" అని నాన్న కూడా ఊదాడు. "మంచిగనే ఉంది గాని, దారంది దారమే" అన్నాడు. అంతే, పాత వాదన మళ్లీ మొదలైంది. నన్నెవరూ పిలవలేదు. గుమ్మంలో అమ్మా చిన్నమ్మా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. బరువు దింపుకున్నాక వచ్చే ఏడుపని అప్పుడు తెలియదు.

షిఫ్టు లేని రోజుల్లో చిన్నాయన ఊదేలా ఆ మధ్యాహ్నమే మాట్లాడుకున్నారు. చిన్నమ్మ మూటలు విప్పింది. కొత్త బాకా ఎప్పుడు తెస్తావని తాతను అడిగితే, "రెండున్నయ్ గదనే ఇంట్ల. ఊదెటోళ్లే తక్కువైండ్రు" అన్నాడు.

నాకు తెలిసి వాళ్లిద్దరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకోలేదు. ఇప్పుడు నాకూ మనవలున్నారు. మా ఇంట్లోనూ అప్పుడప్పుడు మాటలు ఆగిపోతాయి. ఎవరిది తప్పని నేను అడగను. ఆ ఇద్దరూ ప్రాణంగా చూసుకునేదేదో వెతికి, దాని గురించి ఒక సందేహం అడుగుతాను. ప్రతిసారీ పని చేస్తుందని చెప్పలేను. చేసినప్పుడు మాత్రం, ఆ మొదటి మాట నన్ను దాటుకుని అవతలి మనిషిని చేరడం వింటాను. మెల్లగా లేచి పక్క గదిలోకి వెళ్లిపోతాను.