ఎదురింటి ఆంటీ కట్టిన ఊరు

ఎదురింటి ఆంటీ పోయారని వాళ్ళబ్బాయి మా తలుపు కొట్టి చెప్పాడు. నిద్రలోనే పోయారట. "మీరు రోజూ వస్తారని అమ్మ ఫోన్‌లో చెప్పేది. అందుకే ముందు ఇక్కడికొచ్చాను," అన్నాడు. అతను వెళ్ళాక నేను చాలాసేపు చెప్పులు వేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. రోజూ ఆ వేళకి నేను వెళ్ళేది ఆవిడ దగ్గరికే.

ఆవిడని మీలో ఎవరూ ఎరగరు. అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా అపార్ట్‌మెంట్లకి ఎదురుగా, డాక్టరుగారి భార్యగా చాలా ఏళ్ళు, ఆయన పోయాక ఒంటరిగా ఉన్నారు. కారు ఎప్పుడూ బయట ఎండలోనే ఉండేది. గరాజ్‌లో ఊరు ఉండేది మరి.

నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. మావారు పొద్దున్నే ట్రైన్‌కి వెళ్తే చీకటి పడ్డాకే రాక. గుంటూరులో నేను చదువుకున్న కాన్వెంట్ కాలేజీలోనే చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. జూన్ దాకా నా ఉద్యోగం అట్టే పెడతానని ప్రిన్సిపాల్ సిస్టర్ అన్నారు. "వెళ్ళనా?" అని మావారిని అడిగితే లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "నీ ఇష్టం" అనేవారు. వద్దంటే పోట్లాడేదాన్ని. వెళ్ళమంటే ఏడ్చేదాన్ని. నీ ఇష్టం అంటే ఏం చేయాలో తెలిసేది కాదు.

ఒకరోజు వీధిలో నడుస్తూ, సగం ఎత్తిన గరాజ్ తలుపు కిందుగా ఆ ఊరిని చూశాను. పెద్ద ప్లైవుడ్ చెక్క మీద రాళ్ళు పరిచిన సంతవీధి, చర్చి, ఇరుకు ఇళ్ళు. పీపాలు చేసేవాడి అంగడి ముందు దారపు రీళ్ళతో చేసిన పీపాలు. బండిచక్రాలు చేసేవాడి వాకిట్లో చిన్నపిల్లల గాజులతో చేసిన చక్రాలు. మనుషులంతా అగ్గిపుల్లలు.

"దొంగలా చూస్తావేం? లోపలికి రా," అన్నారు ఆంటీ.

ప్రతి గడప ముందూ తెల్లటి గీత ఉంది. "ముగ్గులా ఆంటీ?" అన్నాను. అదే నేను ఆవిడతో అన్న మొదటి మాట.

ఆవిడ నవ్వారు. "ముగ్గు కాదే పిచ్చిదానా. ఇంగ్లండులో ఆడవాళ్ళు పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని గడప రాయి కడిగి, తెల్లరాయి పెట్టి రుద్దేవారు. ఎవరి గడప తెల్లగా లేకపోతే ఆవిడ గురించి వీధంతా చెప్పుకునేది."

అమెరికా రాకముందు అంకుల్‌కి ఇంగ్లండులో ఒక చిన్న సంత ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం. ఒకప్పుడు గుర్రాల జీనులు కుట్టిన కొట్టు మీది గదిలో కాపురం. అంకుల్ డ్యూటీకి వెళ్తే ఆంటీకి కిటికీ ఒక్కటే దిక్కు. కింద ఉండే ముసలావిడ ఆ జీనులు కుట్టినాయన మనవరాలు. ఆమె టీకి పిలిచి తాతగారి కాలం కబుర్లు చెప్పేది. తోళ్ళు ఎలా నానబెట్టేవారో, సంతరోజున వీధి నిండా గొర్రెలు వస్తే తలుపులెలా మూసుకునేవారో. "ఆ చలికాలం ఆవిడ ఊళ్ళో బతికాను. నా ఊళ్ళో కాదు," అనేవారు ఆంటీ. గరాజ్‌లో కట్టింది ఆ ముసలావిడ కబుర్లలోని ఊరే.

పశువుల కొవ్వు కాచి కొవ్వొత్తులు చేసేవాడిని ఆంటీ మొదట రొట్టెల కొట్టు పక్కన పెట్టారట. తర్వాత తనే పీకి ఊరి చివర అతికించారు. "ఆ కంపులో రొట్టె ఎవరు కొంటారు? ఊరు కట్టేటప్పుడు ముక్కు కూడా పనిచేయాలి," అన్నారు నాతో. ఇళ్ళ గోడలకి అగరుబత్తీ పెట్టెలు కత్తిరిస్తున్నప్పుడు ఆవిడ మెడ ముందుకి వంగిపోయేది. కళ్ళజోడు జారుతుంటే మోచేత్తో పైకి తోసేవారు.

ఏటా ఆ ఊళ్ళో పనివాళ్ళ సంత జరిగేదట. పని కావాల్సినవాళ్ళు వీధిలో వరసగా నిలబడేవారు. గొర్రెలకాపరి టోపీకి ఉన్ని, బండివాడికి కొరడా తాడు. అవి చూసి యజమానులు పనికి మాట్లాడుకునేవారు. ఆంటీ పేర్చిన ఆ వరసలో నేనొక అగ్గిపుల్ల మనిషిని పెట్టాను.

"దాని చేతిలో ఏం లేదేం?"

"అది పనికి రాలేదు ఆంటీ. ఊరికే చూడ్డానికొచ్చింది."

"ఊరికే వచ్చినవాళ్ళు వరసలో నిలబడరమ్మాయ్. ఏ పనీ రానివాళ్ళు మాప్ పట్టుకునేవారు. ఇవ్వనా?"

"నేను ఎం.ఏ. ఆంటీ!"

"అయితే మాప్ పట్టుకోవడం కూడా వచ్చుండదు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. జిగురు సీసా మూత బిగించి, "నాకూ తెనాలిలో టీచరుద్యోగం అట్టే పెట్టారు, ఒక ఏడాది. నేను వెళ్ళలేదు," అన్నారు.

"వెళ్ళాల్సిందా?"

"తెలీదు. తెలిస్తే నీకు చెప్పనూ? మీ అంకుల్ మంచాయన. కానీ నేను వెళ్తానని ఆయన కళ్ళలోకి చూసి ఒక్కసారైనా అనలేదు. అని చూడాల్సింది."

ఆవిడ నాకిచ్చిన సలహా అదొక్కటే. సలహా అని కూడా అనలేదు.

కర్మకాండ అయ్యాక వాళ్ళబ్బాయి ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఊరు కావాలంటే తీసుకెళ్ళమన్నాడు. ఆదివారం మావారూ నేనూ చెరో చివర పట్టుకుని వీధి దాటించాం. ఆయన వెనక్కి నడుస్తూ మా గుమ్మంలోకి వెళ్ళారు. చెక్క మూలలు రెండూ తలుపు చట్రానికి కొట్టుకున్నాయి. ఆయన లోపల, నేను బయట.

"కొంచెం పక్కకి వంచు," అన్నారు.

"వంచితే చర్చి ఊడిపోతుంది."

"మరి ఎలా?"

ఆయన చేతిలో ఫోన్ లేదు, లాప్‌టాప్ లేదు. నా మొహంలోకే చూస్తున్నారు.

"నేను జూన్‌లో గుంటూరు వెళ్తాను," అన్నాను. "ఉద్యోగంలో చేరతాను."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే."

"కింద పెట్టి మాట్లాడుకుందాం."

"ముందు మాట్లాడండి."

ఆయన నీ ఇష్టం అనలేదు. జారుతున్న మూలని సర్ది పట్టుకున్నారు. తర్వాత, "మళ్ళీ వస్తావా?" అన్నారు, చిన్నగా.

తెలీదన్నాను. చెక్క బరువుకి నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆయన వదల్లేదు, నేనూ వదల్లేదు. మా ఇద్దరి మధ్యా సంతవీధిలో అగ్గిపుల్లల మనుషులంతా వణుకుతున్నారు. ఆ వణుకు ఎవరి చేతులదో నాకు తెలియలేదు.