పానీ మత్ డాలో

హిందీలో "మత్" అని ఒక చిన్న మాట ఉంది. వద్దు అని అర్థం. అంత ముఖ్యమైన మాటను వాక్యం నడుమ దాచిపెట్టిన ఆ భాష మీద నాకు ఇప్పటికీ కోపమే. మనకు వద్దు అనేది చివరన వస్తుంది. పొయ్యొద్దు, ముట్టుకోవద్దు, వెళ్లొద్దు. తెలుగు చెవి వాక్యం ఆఖరు కోసం కాచుకుని ఉంటుంది. మా అమ్మ చెవి కూడా అంతే.

డెబ్బైల చివర్లో మేం భిలాయిలో, క్యాంప్ వన్ సందుల్లో ఉండేవాళ్లం. నాన్న స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. ఆయన ఏళ్ల కిందటే వచ్చేశారు, అమ్మా నేనూ విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. నన్ను బడిలో వేశారు కాబట్టి హిందీ నాకు తొందరగా పట్టుబడింది. అమ్మకు కుళాయి దగ్గరా, కూరల బండి దగ్గరా దొరికిన మాటలే దిక్కు. పానీ అంటే నీళ్లు, డాలో అంటే పొయ్యమనో, వెయ్యమనో. కాదనడానికి నహీ ఒక్కటే తెలుసు.

ఆ ఏడు అమ్మ చెల్లెలు, మా పిన్ని, మా దగ్గరకు వచ్చింది. పెళ్లి కాలేదు. నవ్వు మొదలుపెడితే ఆపడం చేతకాని మనిషి. విశ్వకర్మ పూజ నాడు ఇంటివాళ్లను కూడా ప్లాంటులోకి రానిస్తారని విని, కరిగిన ఇనుము పారడం చూస్తానని గంతులేసింది. ముందురోజు సాయంత్రం, వెంట పట్టుకెళ్లడానికి జంతికలు వండుతూ కూర్చుంది.

కిరసనాయిలు స్టవ్వు మంట పెద్దది చేసి, పిండి కలపడంలో పడి మూకుడు సంగతి మరిచిపోయింది. నూనె పొగలు కక్కి భగ్గుమని అంటుకుంది. పిన్ని కేక విని పెరట్లోంచి అమ్మా, పక్కింట్లోంచి దీదీ పరుగెత్తుకొచ్చారు. దీదీ అక్కడి ఛత్తీస్‌గఢీ ఆవిడే. గుమ్మంలోంచే గొంతు చించుకుని అరిచింది.

"పానీ మత్ డాలో! పానీ మత్ డాలో!"

అమ్మ బాల్టీ ఎత్తి నీళ్లన్నీ మూకుట్లో గుమ్మరించింది.

నేను వీధి కుళాయి దగ్గర ఉన్నాను. వచ్చేసరికి దీదీ పిన్నిని కంబళిలో చుట్టి నేల మీద దొర్లిస్తోంది. నీళ్లు పడగానే ఎగసిన మంటకు పైకప్పు రేకు నల్లబడిపోయింది. పిన్ని కట్టుకున్నది నైలాన్ చీర. అంతకుమించి రాయలేను.

ఆస్పత్రికి నాన్న డ్యూటీ బట్టలతోనే వచ్చారు. "మూతెట్టేస్తే ఆరిపోను గదే!" అని తల బాదుకున్నారు. నూనె మంటకు నీళ్లు తగలకూడదని ప్లాంటులో ఆయనకు ఏళ్లుగా నేర్పుతూనే ఉన్నారు. ఇసుక నింపిన ఎర్ర బాల్టీల పక్కనే రోజూ నడిచేవారు. ఆ చదువంతా గేటు దగ్గర సైకిల్ స్టాండులో వదిలేసి ఇంటికొచ్చేవారు. మా సందులో మగవాళ్లందరూ అంతే, ఇంట్లో పొయ్యి ఆడవాళ్ల సంగతి.

వరండాలో దీదీ ఏడుస్తూ అమ్మతో ఏదో అంటోంది. అమ్మ నా వైపు తిరిగింది.

"ఏటంతందే?"

"నీళ్లు పొయ్యొద్దని అరిచానంటోంది."

"పానీ డాలో అనే గదే అరిసింది!"

"మధ్యలో మత్ అందమ్మా. మత్ అంటే వద్దు."

అమ్మ ఆ మాటను రెండుమూడుసార్లు పెదాలతో అనుకుంది. తర్వాత గోడకు చేరబడి కూర్చుండిపోయింది.

కాసేపటికి నర్సు వచ్చి, డాక్టరు చెప్పేదాకా నోటికి నీళ్లివ్వకూడదంది. "పానీ మత్ దేనా." ఈసారి నేను తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. అమ్మ తలూపింది.

పిన్ని అడుగుతూనే ఉంది. "అక్కా, గుక్కెడు నీలియ్యే." తడిగుడ్డతో పెదాలు అద్దడం తప్ప అమ్మ ఇంకేం చెయ్యలేదు. మంచం పక్కన కూజా నిండుగా ఉంది. మర్నాడు మధ్యాహ్నం పిన్ని పోయింది. అప్పటికీ డాక్టరు నీళ్లివ్వమనలేదు.

తర్వాత మా వంటింట్లోకి ఇసుక బాల్టీ వచ్చింది. మూకుడు పొయ్యెక్కితే పక్కన మూత ఉండాల్సిందే. శ్రీకాకుళం నుంచి మా సందులోకి కొత్త కోడలు ఎవరొచ్చినా, అమ్మ మూత చేత్తో పట్టుకుని మరీ వెళ్లేది. "ముందీ మాట నేర్సుకోవే అమ్మా. మత్. నడుమన వస్తాది, సూసుకో." ఆ పిల్లలు నవ్వేవారు. ఎందుకో చెప్పేది కాదు.

నాతో మాత్రం ఒక్కసారి అంది. బియ్యం ఏరుతోంది. నేనేమీ అడగలేదు.

"అది అడక్కుండా పోసీసినాను. అడిగినప్పుడు పొయ్యనేదు."